ఆరు నెలల మందు నాకెందుకు లేదు టీచర్?

బతుకమ్మ పండుగ వెళ్ళిన వారంలో ఒక సాయంత్రం నా పాత విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. పేరు రాయను. పదో తరగతి వరకు సిద్దిపేటలో మా బడిలోనే చదివింది, లెక్కల్లో గట్టిది. ఇంటర్ మధ్యలో పెళ్ళి చేశారు. ఇప్పుడు ఈ ఊళ్ళోనే అత్తగారింట్లో ఉంటూ బీడీలు చేస్తోంది. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీద ఆ చివర కూర్చుంది. ముఖానికి మాస్కు.

"జర దూరమే కూసోండి టీచర్. నాకు టి.బి. ఉన్నదట. అదీ మామూలు మందులకు లొంగేది గాదట" అంది.

అయిదో నెల గర్భం. మొదటి పిల్లవాడికి నాలుగేళ్ళు. నెలల తరబడి దగ్గు ఉంటే తంబాకు దుమ్ము వల్లే అనుకుని ఊరుకుందట. మా సిద్దిపేట, దుబ్బాక వైపు బీడీలు చేసే ఆడవాళ్ళు దగ్గును ఒక జబ్బు కింద లెక్కే వేయరు. చాట ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, పొద్దంతా తునికాకు చుట్టేవాళ్ళకి దగ్గు, నడుంనొప్పి పనిలో భాగమే. చివరికి ఆశ కార్యకర్త పోరు పడలేక తెమడ పరీక్ష చేయించుకుంటే సంగతి బయటపడింది.

ఆమె నన్ను అడగడానికి వచ్చింది ఒకే ఒక్క ప్రశ్న.

"ఆరు నెలల్ల తగ్గే కొత్త గోలీలు వచ్చినయట టీచర్. నాతోని దవాఖానల ఉన్న ఒకాయనకు అవే రాసిన్రు. నన్నేమో, నువ్వు కడుపుతోని ఉన్నవు, నీకు అవి ఇయ్యరాదు, వేరే మందులు వాడాలె, పద్దెనిమిది నెలలు పట్టొచ్చు అన్నరు. ఎందుకు సార్ అంటే, కడుపుతోని ఉన్నోళ్ళ మీద ఆ గోలీలు పరీక్ష చెయ్యలేదన్నరు. ఎందుకు చెయ్యలేదు టీచర్?"

ఇంట్లో అత్తగారు కడుపు తీయించుకోమని ఒకటే పోరు. భర్త ఏమీ అనడు. "నేనైతే తీయించుకోను" అంది, బళ్ళో లెక్క తప్పు కాదని వాదించినప్పటి గొంతుతోనే.

నాకు జవాబు తెలియలేదు. నేను చెప్పింది తెలుగు వాచకం, సైన్సు కాదు. ఆ తర్వాత మూడు వారాలు దొరికినదల్లా చదివాను. తెలిసిన డాక్టర్లను విసిగించాను. మీలో చాలామందికి ఈ సంగతులు పనికొస్తాయనిపించి ఇక్కడ రాస్తున్నాను.

కొత్త మందు ఎక్కడినుంచి వచ్చింది

టి.బి. అంటే పాతకాలపు జబ్బు, సినిమాల్లో నాయకుడు రక్తం కక్కుకునే జబ్బు అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఒక్క 2023లోనే లోకం మొత్తం మీద ఒక కోటీ 8 లక్షల మందికి ఇది వచ్చింది. అందులో 36 లక్షల మంది ఆడవాళ్ళు. ఆ ఏడు దీనివల్ల చనిపోయినవాళ్ళు 12.5 లక్షలు. జబ్బుపడ్డ ప్రతి నలుగురిలో ఒకరు మన దేశం వాళ్ళే.

మందులు లేకనా? ఉన్నాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నారు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. అరవైలలో రిఫాంపిసిన్ వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా టి.బి. కోసం కొత్త తరహా మందు ఒక్కటి కూడా రాలేదు. కారణం వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఈ జబ్బు వచ్చేది ఎక్కువగా పేదవాళ్ళకి. పేదవాళ్ళు కొనే మందులో లాభం ఏముంటుంది? జుట్టు ఊడకుండా ఆపే మందు అయితే పరిశోధనకు డబ్బు దానంతటదే వస్తుంది.

ఈలోగా క్రిమి ఊరుకోలేదు. సగంలో మానేసిన మందులకు, సరిగ్గా రాయని మందులకు అలవాటుపడి మొండి అయింది. ఆ మొండి టి.బి.కి మొన్న మొన్నటిదాకా ఏడాదిన్నర, రెండేళ్ళ చికిత్స. నెలల తరబడి కనామైసిన్ లాంటి ఇంజెక్షన్లు. వాటివల్ల వినికిడి పోయినవాళ్ళు ఎందరో.

2012 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం బెడాక్విలిన్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. 2014లో డెలామానిడ్, 2019లో ప్రిటోమానిడ్ వచ్చాయి. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్‌లకు లినజోలిడ్, మాక్సిఫ్లోక్సాసిన్ అనే మరో రెండు మందులు కలిపి ఆరు నెలలు ఇస్తే ఎలా ఉంటుందని బెలారస్, ఉజ్బెకిస్తాన్, దక్షిణాఫ్రికా దేశాల్లో పరీక్షించారు. 2022 డిసెంబరులో ఫలితం అచ్చయింది. పాత పద్ధతిలో నూటికి 52 మందికి మేలు జరిగితే, కొత్త నాలుగు మందులతో 89 మందికి జరిగింది. ఇంజెక్షన్ ఒక్కటి కూడా లేదు. అన్నీ గోలీలే. 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఈ చికిత్సకు ఒప్పుకుంది. మొండి టి.బి. ఉన్న సుమారు 75,000 మందికి ఉపయోగపడుతుందని చెప్పింది. మా అమ్మాయి చూసిన ఆ ఒకాయనకు రాసినవి ఇవే.

ఇక్కడ ఒక సంగతి. ఈ మందుల్ని పరీక్షించడం ఎందుకంత ఆలస్యమో నాకు ఒక డాక్టరమ్మ వంటింటి భాషలో చెప్పింది. రాత్రి పాలు తోడేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది కదా. మామూలు సూక్ష్మజీవులు ఇరవై నిమిషాలకు, గంటకు రెట్టింపవుతాయి. టి.బి. క్రిమి ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పరీక్షశాలలో దాన్ని గాజు పళ్ళెంలో పెంచితే కంటికి కనిపించడానికే వారాలు. మందు పనిచేసిందో లేదో తేలడానికి మళ్ళీ వారాలు. తర్వాత ఎలుకల మీద. తర్వాత ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది మనుషుల మీద. ఆ తర్వాత రోగులకు పద్నాలుగు రోజులు ఇచ్చి, రోజూ తెమడలో క్రిములు ఎంత తగ్గాయో లెక్కపెడతారు. ఒంటరిగా ఇస్తే క్రిమి దానికీ అలవాటుపడుతుంది కాబట్టి ఏ మందుతో ఏది కలపాలో చూడాలి. చివరికి వందలమందికి పూర్తి కోర్సు ఇచ్చి, తగ్గాక కూడా మళ్ళీ తిరగబెడుతుందేమో అని ఏడాది పైన కనిపెట్టుకుని ఉండాలి. ఒక్కో మందుకు పదేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. మధ్యలో రాలిపోయే మందులే ఎక్కువ.

ఈ పనంతా ఎక్కడో సముద్రాల అవతల జరుగుతుందని నేననుకునేదాన్ని. సిద్దిపేట నుంచి జూబ్లీ బస్టాండుకు రాజీవ్ రహదారి మీద ఎన్నిసార్లు వెళ్ళి ఉంటాం? శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ అని బోర్డు కనిపిస్తుంది. 1999లో మొదలైంది. టి.బి.కి కొత్త టీకా ఒకదాన్ని 2024లో మన దేశంలో పెద్దవాళ్ళ మీద పరీక్షించడం మొదలుపెట్టిన భారత్ బయోటెక్ అక్కడే ఉంది. ఆ పక్కనే బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో ప్రొఫెసర్ ధర్మరాజన్ శ్రీరామ్ బృందం ఏళ్ళ తరబడి టి.బి. క్రిమిని చంపే అణువుల కోసం వెతికింది. ప్రిటోమానిడ్‌ను తయారుచేసి లోకానికి అందించే పనిని టి.బి. అలయన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ మైలాన్ కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ భారతీయ విభాగం మన హైదరాబాదుదే. అంటే మా అమ్మాయికి ఇవ్వరాదన్న గోలీ మనకు పరాయిదేమీ కాదు, బస్సులో వెళ్తే రెండున్నర గంటల దూరం.

ఇద్దరు ఆడపిల్లల అర్జీ

మందు వచ్చినంత మాత్రాన చేతికి అందుతుందా? 2016లో మన ప్రభుత్వం బెడాక్విలిన్‌ను మొదట ఇచ్చినప్పుడు ఢిల్లీ, ముంబాయి, చెన్నై, అహ్మదాబాద్, గువాహటిలలోని ఆరు ఆస్పత్రుల్లోనే ఇచ్చారు. హైదరాబాద్ లేదు. పట్నా నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి, నువ్వు ఈ ఊరిదానివి కావు అని మందు ఇవ్వకపోతే వాళ్ళ నాన్న ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాడు. 2017 జనవరిలో మందు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అప్పటికే ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయి. 2018లో ఆ పిల్ల చనిపోయింది.

మందు ధర మరో గోడ. ఈ మందు మీద కంపెనీకి ఉన్న మొదటి పేటెంటు 2023 జూలైతో అయిపోతుంది. ఇంకో పేటెంటు దొరికితే 2027 వరకు ఇంకెవరూ తయారుచేయడానికి వీల్లేదు. దాన్ని అడ్డుకుంటూ 2019లో అర్జీ పెట్టింది ఎవరో తెలుసా? ముంబాయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలె. ఇద్దరికీ టి.బి. వచ్చింది. ఇద్దరికీ ఆ ఇంజెక్షన్ల వల్ల చెవులు పోయాయి. నందిత భరతనాట్యం చేస్తుంది. పాట వినపడకుండానే తాళం పట్టుకుని ఆడడం మళ్ళీ నేర్చుకుంది. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తును కొట్టేసింది. ఆ ఏడే మన దేశపు కంపెనీల మందు బయటికొచ్చింది. పేద దేశాలకు మందులు కొనిపెట్టే అంతర్జాతీయ సంస్థకు ఆరు నెలల బెడాక్విలిన్ 289 డాలర్ల నుంచి 130 డాలర్లకు దిగింది. చెవులు పోయిన ఇద్దరాడవాళ్ళు ఇంత పని చేశారని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో రాయొచ్చు. ఎవరు రాస్తారు!

మన మీద ఎందుకు పరీక్షించరు

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

1950ల చివర్లో వేవిళ్ళకు థాలిడోమైడ్ అని ఒక మందు యూరప్‌లో బాగా అమ్ముడయింది. అది వాడిన తల్లులకు కాళ్ళూ చేతులూ సరిగ్గా లేని పిల్లలు పుట్టారు. పదివేల మందికి పైనే. అమెరికాలో మటుకు ఫ్రాన్సెస్ కెల్సీ అనే డాక్టరమ్మ 1960లో, ఈ మందు గురించి మీరు చూపించిన ఆధారాలు చాలవు అని కంపెనీ దరఖాస్తుకు సంతకం పెట్టలేదు. ఎంత ఒత్తిడి తెచ్చినా పెట్టలేదు. ఆమె అడిగింది ఏమిటి? సరిగ్గా పరీక్షించి రండి అని. కానీ లోకం నేర్చుకున్న పాఠం వేరు. ఆడవాళ్ళను పరీక్షల్లోకే రానివ్వకపోతే ఏ గొడవా ఉండదనుకున్నారు. 1977లో అమెరికా మందుల శాఖ, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళను మందుల తొలి పరీక్షల్లో చేర్చుకోవద్దంది. 1993లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు గానీ గర్భిణుల విషయంలో అలవాటు అలాగే ఉండిపోయింది. పరీక్ష జరుగుతుండగా గర్భం వస్తే కొత్త మందు ఆపేసి బయటికి పంపడం మామూలు.

దీనివల్ల కడుపులో బిడ్డకు మేలే కదా అంటారా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. గర్భిణులకు టి.బి. రావడం పరీక్షల కోసం ఆగదు. 2011లో ప్రపంచంలో 2 లక్షలకు పైగా గర్భిణులకు టి.బి. ఉందని ఒక అంచనా. వాళ్ళందరికీ ఏదో ఒక మందు ఇవ్వాల్సిందే. పరీక్షించిన మందు లేకపోతే పరీక్షించని మందు ఇస్తారు, లేదా పాతది, ఎక్కువ కాలం వాడాల్సింది ఇస్తారు. పరీక్షశాలలో వద్దన్న ప్రమాదం ఆస్పత్రి మంచం మీదికి మారుతుంది, అక్కడ లెక్క రాసుకునేవాళ్ళు కూడా ఉండరు.

ఐసోనియాజిడ్ సంగతే చూడండి. 1952 నుంచి వాడుతున్న మందు. టి.బి. రాకుండా ముందుజాగ్రత్తగా గర్భిణులకు ఇస్తే ఎలా ఉంటుందని మన దేశంతో సహా ఎనిమిది దేశాల్లో, హెచ్.ఐ.వి. ఉన్న 956 మంది గర్భిణుల మీద పద్ధతి ప్రకారం పరీక్షించి ఫలితం ప్రకటించింది 2019లో. గర్భంతో ఉండగానే ఇచ్చిన వాళ్ళలో నూటికి 23.6 మందికి గర్భానికో బిడ్డకో ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. కాన్పయ్యాక ఇచ్చిన వాళ్ళలో 17 మందికే. ఈ తేడా తెలియడానికి 67 ఏళ్ళు పట్టింది. (ఇది చదివి, టి.బి. ఉండి మందులు వాడుతున్న గర్భిణులు ఎవరూ మానేయకండి. జబ్బు రాకముందు ఇచ్చే మందు గురించి మాత్రమే ఈ పరీక్ష. జబ్బు వచ్చాక చికిత్స మానేస్తే తల్లికీ బిడ్డకీ అపాయం ఎక్కువ.)

ప్రిటోమానిడ్‌ది ఇంకో కథ. ఎలుకల మీద ప్రయోగించినప్పుడు మగ ఎలుకల వృషణాలు దెబ్బతిన్నట్టు కనిపించింది. మగవాళ్ళకు పిల్లలు పుట్టకుండా పోతుందేమో అన్న భయంతో, మందు వాడిన మగ రోగుల హార్మోన్లు చూశారు, వీర్యం కూడా పరీక్షించారు. భయపడాల్సినదేమీ కనబడలేదు. మంచిదే, చేయాల్సిన పనే చేశారు. అదే శ్రద్ధ గర్భిణుల దగ్గరికి వచ్చేసరికి ఏమైందని నాకు కోపం వచ్చింది. ఆడవాళ్ళకు "ఇవ్వరాదు" అని ఒక ముక్క రాసేసి ఊరుకున్నారు.

అయితే అందరూ ఊరుకోలేదు. దక్షిణాఫ్రికాలో డర్బన్ డాక్టర్లు 2013 నుంచి 2017 వరకు మొండి టి.బి. ఉన్న 108 మంది గర్భిణుల వివరాలు రాసి పెట్టారు. కొందరికి బెడాక్విలిన్ ఇచ్చారు. ఆ తల్లుల పిల్లల్లో నూటికి 45 మంది తక్కువ బరువుతో పుట్టారు. మందు వాడని తల్లుల పిల్లల్లో 26 మందే. కానీ ఏడాది నిండేసరికి ఎక్కువమంది పిల్లలు బరువు అందుకున్నారు. బెడాక్విలిన్ తల్లి రక్తంలో కంటే పాలల్లో ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుందని కూడా అక్కడి తల్లులు కొద్దిమందిని పరీక్షించాకే తెలిసింది. జాగ్రత్త వద్దని నేననడం లేదు. ఎంత జాగ్రత్త పడాలో పరీక్షిస్తేనే తెలిసింది అంటున్నాను.

ఇక అసలు వార్త. అదే దేశంలో బీట్ టి.బి. అనే పరీక్షలో గర్భిణులను కూడా చేర్చుకున్నారు. ప్రిటోమానిడ్ బదులు డెలామానిడ్ పెట్టి, బెడాక్విలిన్, లినజోలిడ్, లీవోఫ్లోక్సాసిన్, క్లోఫజిమిన్‌లతో కలిపి ఆరు నెలలు. ఆ ఫలితాలు చూసి 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఈ ఆరు నెలల చికిత్సను గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఇవ్వవచ్చని చెప్పింది. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. గర్భిణుల్ని పరీక్షలో కూర్చోబెట్టారు కాబట్టి వాళ్ళకీ ఆరు నెలల దారి దొరికింది.

మరి భయం సంగతి?

ఈ మాట మా పక్కింటి వదినతో అంటే కొట్టినంత పని చేసింది. "కడుపుతో ఉన్నదాని మీద మందులు పరీక్ష చేయాలంటవా? భద్రాచలం సంగతి మర్చిపోయినవా?" అంది.

మర్చిపోలేదు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం వైపు సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆపేసింది. కొందరు పిల్లలు చనిపోయింది టీకా వల్ల కాదని విచారణలో అన్నారు, ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద ఆడవాళ్ళను డబ్బాశ చూపి హైదరాబాదులో ఒక పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళి రొమ్ము క్యాన్సర్ మందు మింగించారు. దేనికి మింగుతున్నారో వాళ్ళకు తెలియదు. ఒంట్లో బాగాలేక అల్లాడితే అప్పుడు బయటపడింది. ఆ కేంద్రం లైసెన్సు ఆపేశారు.

వదిన భయం నిజమైనదే. నేను ఆ రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టి చూశాను. పిడుగురాళ్ళలో అడగకుండా మింగించారు. మా అమ్మాయి విషయంలో అడగకుండానే పక్కన పెట్టారు. రెండుచోట్లా ఆ మనిషికి నోరుందని ఎవరూ అనుకోలేదు. 2013 నుంచి, పరీక్షలో చేరేవాళ్ళకు అన్నీ వివరించి, వాళ్ళు ఒప్పుకోవడాన్ని వీడియో తీయాలన్న నిబంధన వచ్చింది. తర్వాత దాన్ని చదువురాని వాళ్ళు, పేదవాళ్ళ లాంటి నిస్సహాయుల విషయంలో తప్పనిసరిగా ఉంచారు. కాగితం ఇంగ్లీషులో కాక మన భాషలో ఉండాలి, చదివి వినిపించాలి, మధ్యలో మానుకోవచ్చని చెప్పాలి. ఇవన్నీ జరిగాక కూడా వద్దనే హక్కు ఆమెకుంది. ఊ అనే హక్కు కూడా ఉండాలి కదా.

పరీక్షలంటే చెడే కాదని చెప్పడానికి మనకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. మా అమ్మమ్మ కాలంలో టి.బి. వస్తే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండకో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికో పంపేవారు. నెలలు, సంవత్సరాలు. తల్లి వెళ్తే పిల్లలు ఎవరి పంచనో. 1956లో మద్రాసులో కొందరు రోగుల్ని శానిటోరియంలో, కొందరిని వాళ్ళ వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చి చూశారు. ఇరుకు ఇళ్ళు, అరకొర తిండి. అయినా ఇంట్లో ఉన్నవాళ్ళకూ అంతే బాగా తగ్గింది. వాళ్ళ ఇంట్లోవాళ్ళకి జబ్బు ఎక్కువగా అంటలేదు కూడా. 1959లో ఈ ఫలితం వెలువడ్డాక ప్రపంచమంతా దారి మార్చుకుంది. ఈ రోజు టి.బి. వచ్చిన తల్లి తన పిల్లల మధ్యే ఉండి మందు మింగుతోందంటే ఆ మద్రాసు పేటల రోగుల పుణ్యమే.

మందొక్కటే సరిపోదని తేల్చిన పరీక్ష కూడా ఒకటుంది. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా డాక్టర్ మాధవీ భార్గవ, డాక్టర్ అనురాగ్ భార్గవ 2,800 మంది రోగుల ఇళ్ళలో చేశారు. కొన్ని ఇళ్ళలో అందరికీ బియ్యం, పప్పు, నూనె, పాలపొడి ఇచ్చారు. మిగతా ఇళ్ళలో రోగికి మాత్రమే. అందరూ తిన్న ఇళ్ళలో కొత్తగా టి.బి. రావడం నూటికి 39 వంతులు తగ్గింది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినేది ఎవరో మనకు వేరే చెప్పాలా? రోగులకు ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. అది ఆమె తిండికే ఖర్చవుతోందా అన్నది ఒక్కో ఇంటి సంగతి.

మామూలు టి.బి. మందులు వాడే చెల్లెళ్ళకు ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, ఎక్కడా ఎవరూ గట్టిగా చెప్పడం లేదు కాబట్టి. రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగ్గా పనిచేయవు. డాక్టరుతో మాట్లాడి వేరే పద్ధతి చూసుకోండి. మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగు, రక్తమని హడలిపోయి మానేయకండి. పిల్లలు పుట్టడం లేదని తిరిగే ఆడవాళ్ళలో కొందరికి గర్భసంచికి పట్టిన టి.బి. కారణం. దగ్గు ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పోయిన ఆదివారం మా అమ్మాయి ఇంటికి నేనే వెళ్ళాను. వాకిట్లో వేపచెట్టు కింద చాట పెట్టుకుని కూర్చుంది. తంబాకు మానుకోమని దవాఖానలో చెప్పారట, మానుకుంటే వారానికి కార్ఖానా వాళ్ళు ఇచ్చే డబ్బు పోతుంది. అందుకని ఆకు కత్తిరించడం, కట్టలు కట్టడం ఆమె చేస్తోంది, తంబాకు పోసి చుట్టడం ఆడబిడ్డ చేస్తోంది. అత్తగారు నన్ను చూసి లోపలికి వెళ్ళి చాయ్ పెట్టుకొచ్చింది. కడుపు మాట ఎత్తలేదు.

నోటుపుస్తకంలో కాగితం చింపి డాక్టరును అడగాల్సినవి ఇద్దరం కూర్చుని రాశాం. డెలామానిడ్ కలిపిన ఆరు నెలల చికిత్స నాకు కుదురుతుందా, కుదరకపోతే కారణం ఏమిటి? లినజోలిడ్ వాడితే రక్తం తగ్గుతుందంటున్నారు, నాకు ముందే రక్తం తక్కువ, ఎన్ని రోజులకొకసారి పరీక్ష చేస్తారు? కాళ్ళలో తిమ్మిర్లు వస్తే ఎవరికి చెప్పాలి? పుట్టిన బిడ్డకు నా పాలు పట్టొచ్చా, డబ్బాపాలేనా?

నేను పెన్ను మూత పెట్టబోతుంటే ఆపింది. "ఇంకొకటి రాయండి టీచర్. నా బిడ్డ బరువు, ఎదుగుదల ఎన్ని రోజులు చూస్తరు, యాడన్న రాసిపెట్టుకుంటరా అని. నా తర్వాత వచ్చేదానికి పనికొస్తది గదా."

రాశాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చాటలో ఆకు కిందికి తోసింది. దవాఖాన తేదీ గురువారం.